మిరపచేలో ఆగిన మూడో లైను

మా ఊరి గుడిలో కొత్త పాట పాడాలంటే ముందు అది మిరపచేను దాటి రావాలి. గుడి అంటే చర్చే. మా పేటలో చర్చి అనే మాట బదిలీ మీద వచ్చిన పాస్టరు అయ్యగార్లు వాడతారు గానీ మేమంతా గుడి అనే అంటాం. ఏటా ఈస్టర్‌కి ఒక కొత్త పాట పాడడం మాకు అలవాటు. మాటలు అయ్యగారు రాస్తారు, ట్యూన్ నేను కడతాను. కట్టిన ట్యూన్‌ని గుడిలోకి తీసుకుపోయే ముందు, కోతకు పోయే ఆడవాళ్ళకు చేలోనే నేర్పాలి. మిరప కోతలు చివరికొచ్చే రోజుల్లోనే ఈస్టర్ వస్తుంది కాబట్టి, ఎవరు మొదలుపెట్టారో తెలియని ఈ పద్ధతి అట్లా కుదిరిపోయింది.

చేలో పాడడం అంటే కుర్చీలో కూర్చుని పాడడం కాదు. పొద్దున్నుంచీ నడుము వంచే ఉండాలి. చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకు ఒక గుడ్డ, ముక్కుకు అడ్డంగా ఇంకో గుడ్డ. ఎండ ఎక్కేకొద్దీ కాయల ఘాటు లేస్తుంది. ఒకరు తుమ్మితే సాలంతా తుమ్ముతుంది. అట్లాంటప్పుడు ఊపిరి పొట్టిగా వస్తుంది. లైను పొడుగైతే మధ్యలో తెగుతుంది, స్వరం మరీ పైకి పోతే అందదు. అందుకని వాళ్ళు లైన్లు కుదిస్తారు, పైస్వరాలను కిందికి దింపుతారు, నేను ఎంతో ముచ్చటపడి పెట్టిన ఒంపుల్ని తీసి గట్టు మీద పారేస్తారు. సాయంత్రం ఆటో ఎక్కేసరికి ఏది మిగిలితే అదే ట్యూన్. ఆదివారం గుడిలో పాడేది దాన్నే. కట్టినదాన్ని నేనే అయినా నన్ను ఎవరూ అడగరు.

ఆ కోత ముఠాకి పెద్ద మా పెద్దమ్మ. పెద్దమ్మంటే రక్తసంబంధం కాదు, మా నాన్న వాళ్ళ ఇంటి పక్కావిడ. గుడిలో మొదటి గొంతు కూడా ఆమెదే. ఆమె ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. ఒక క్రిస్మస్ పాటకు చివర్లో నేను పెట్టిన పొడుగాటి సాగదీతను ఆమె ఒక్క పూటలో కత్తిరించేస్తే గట్టు మీద నిలబడి పెద్ద రభస చేశాను. ఆమె తల కూడా ఎత్తలేదు.

"నువ్వు కూర్చుని కడతావు. మేం ఒంగి పాడతాం. ఎవురి బాధ వాళ్ళదిలే, పో," అంది.

నాకు నోరు ఎక్కువని ఊళ్ళో పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. నేను బట్టలు కుట్టి బతుకుతాను. కుట్టుమిషను తొక్కుతుంటే ట్యూన్లు వస్తాయి, మిషను ఆపితే ఆగిపోతాయి. మిషనరీ దొరల కాలంలో అక్షరాలతో స్వరాలు రాసి పాటలు నేర్పేవారట. మా తాత ఆ అక్షరాలు చూసి ఎప్పుడూ వినని పాటనైనా పాడేసేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ చదువు ఆయనతోనే పోయింది. నాకు స్వరాలు రాయడం రాదు. నా గొంతులోంచి ఇంకొకరి చెవిలోకి పోతే ట్యూన్ ఉన్నట్టు, పోకపోతే లేనట్టే. అందుకే వాళ్ళు మార్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. నా అసలు ట్యూన్ ఇంకెక్కడా ఉండదు కదా.

ఒక ఏడు క్రిస్మస్ అయ్యాక, గురజాలలో పనిచేసే ఒక టీచరమ్మకు మెడ మూసుకునే జాకెట్టు కుడుతున్నాను. ఆమెదీ నాదీ ఒకే కొలత. కుట్టడం అయ్యాక ఎప్పటిలాగే నేనే వేసుకుని చూశాను. మెడ దగ్గర హుక్కు పడలేదు. తప్పు కత్తిరించానని నన్ను నేనే తిట్టుకుని, విప్పి టేపు పెట్టి చూశాను. కత్తిరింపు సరిగ్గానే ఉంది. మళ్ళీ వేసుకున్నాను. మళ్ళీ పడలేదు. అప్పుడు మెడ మీద చెయ్యి వేసుకుంటే వేళ్ళకు గడ్డ తగిలింది. గుటక వేస్తే పైకి పోయి కిందికి వచ్చింది. ఆ జాకెట్టుతోనే అట్లా ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. గుటక వేయడం, చూసుకోవడం, మళ్ళీ గుటక వేయడం. వేసినకొద్దీ నోరు ఎండిపోయింది.

మా ఆయన పిడుగురాళ్ళలో సున్నం బట్టీలో పనిచేస్తాడు. సెలవు పెట్టి నన్ను నరసరావుపేట తీసుకుపోయాడు. స్కాన్ తీశారు, మెడలోకి సూది పెట్టి పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు వచ్చేదాకా నేను తిన్న అన్నం నాకు గుర్తు లేదు. చివరికి డాక్టరు గారు అది చెడ్డ గడ్డ కాదని చెప్పారు. మా ఆయన బల్ల మీద రెండు చేతులూ పెట్టి దేవునికి స్తోత్రం అన్నాడు. కాకపోతే పెరుగుతోంది, గాలిగొట్టాన్ని నొక్కుతోంది, తీసేయాల్సిందే అన్నారు డాక్టరు గారు. అంతవరకు బాగానే ఉంది.

"పాటలేమైనా పాడతావా అమ్మా?" అని అడిగారు కాగితం మీద ఏదో రాస్తూ.

"పాడటమేంది సార్, మా గుడికి ట్యూన్లు కట్టేది ఈమే," అన్నాడు మా ఆయన గర్వంగా.

ఆయన పెన్ను పక్కన పెట్టారు. అది నాకు నచ్చలేదు. పెన్ను పక్కన పెట్టి మాట్లాడే డాక్టరు మంచి మాట చెప్పడు.

"అయితే ముందే చెప్పాలి. గొంతును ఆడించే నరం ఈ గడ్డ వెనక నుంచే పోతుంది. ఎంత జాగ్రత్తగా చేసినా ఒక్కోసారి అది దెబ్బ తింటుంది. మామూలుగా మాట్లాడుకునేవాళ్ళకు పెద్దగా తేడా తెలియదు. పైస్వరాలు పాడేవాళ్ళకు తెలుస్తుంది."

"ఒక్కోసారి అంటే ఏంది సార్?" అన్నాను.

"ఒక్కోసారేనమ్మా," అన్నారు.

బస్సులో మా ఆయన కిటికీ పక్క సీటు నాకు ఇచ్చాడు. బయట రోడ్డు పక్కన కోటప్పకొండ తిరనాళ్ళకు వెదురుతో ప్రభలు కడుతున్నారు. మామూలుగా అయితే ఎవరి ప్రభ ఎంత ఎత్తో చూసుకుంటూ పోయేదాన్ని. ఆ రోజు ఏదీ కంటికి ఆనలేదు. అన్నం మింగలేకపోతే ఎట్లా అని కాదు, ఊపిరి ఆడకపోతే ఎట్లా అని కాదు, డాక్టరు గారన్న ఆ చివరి మాట మీదే నా ప్రాణమంతా పోయి కూర్చుంది. పైస్వరాలు పాడేవాళ్ళకు తెలుస్తుందట. నా దగ్గర ఇంకేముంది? బట్టలు ఊళ్ళో ఇంకొకరు కూడా కుడతారు.

ఆ తర్వాత రోజులన్నీ భయంతోనే గడిచాయి. నిద్ర లేవగానే ఎవరూ వినకుండా "ఊ" అని గొంతు చూసుకునేదాన్ని. వస్తే కాసేపు బాగుండేది. మళ్ళీ గంటకు అనుమానం. గడ్డ నొక్కుతున్నట్టుండి పైస్వరం దగ్గర గొంతు జీరపోయేది. గట్టిగా పాడితే ఉన్నది కూడా అయిపోతుందేమోనని ఆదివారం గుడిలో పెదవులు మాత్రం ఆడించాను. నాకు మామూలుగా భయం వేస్తే కోపం వస్తుంది, ఎవరో ఒకరి మీద అరిస్తే తగ్గుతుంది. ఈ భయానికి కోపం కూడా రాలేదు. అది నన్ను ఇంకా భయపెట్టింది.

ఆ రోజుల్లోనే అయ్యగారు ఈస్టర్ పాట మాటలు రాసి తెచ్చారు. తెల్లవారకముందే సుగంధ ద్రవ్యాలు పట్టుకుని సమాధి దగ్గరకు పోయిన ఆడవాళ్ళ మీద రాశారు. ప్రతి చరణంలోనూ మూడో లైనులో వాళ్ళు రాయి ఎవరు దొర్లిస్తారని ఒకరినొకరు అడుగుతూ పోతారు. నాలుగో లైనులో అడుగు ముందుకు వేస్తారు. మామూలుగా ఆయన రాసేవి నాకు అంతగా పట్టవు, అందరూ రాసే మాటలే. ఇది మాత్రం మళ్ళీ మళ్ళీ చదివాను. తీయలేమని తెలిసిన రాయి దగ్గరకు భయపడుతూ పోతున్న ఆడవాళ్ళు. నేనూ ఆపరేషన్ తేదీ తీసుకుని ఇంట్లో కూర్చున్నాను.

ట్యూన్ తర్వాతి రోజు పొద్దున్నే మిషను మీద వచ్చింది. మొదటి రెండు లైన్లు కిందనే, అడుగులో అడుగు వేసినట్టు నడిచాయి. మూడో లైనులో 'రాయి' అన్న మాట దగ్గర అది పైకి పోయింది. నేను తీసుకుపోలేదు, అదే పోయింది. నా గొంతు ఎప్పుడూ పోనంత పైకి పోయి, అక్కడ కాసేపు నిలబడి, నాలుగో లైనుకు మెల్లగా దిగింది. జీరపోలేదు, తెగలేదు. మిషను ఆపి, సంతోషంతో కాదు, భయంతో ఏడ్చాను. ఇది నా ట్యూన్లన్నిటిలోకి మంచిదని నాకు తెలుసు. ఎవరూ వినలేదు.

వెంటనే ఫోన్ తీసి రికార్డు చేద్దామని మళ్ళీ పాడాను. 'రాయి' దగ్గర గొంతు పగిలింది. తుడిపేశాను. మళ్ళీ పాడాను, మళ్ళీ పగిలింది. నీళ్ళు తాగి, ఉప్పునీళ్ళు పుక్కిలించి, సాయంత్రం దాకా పాడాను. మర్నాడు కూడా పాడాను. ఫోనులో ఒక్కటి కూడా మిగల్లేదు. పగిలిన గొంతును దాచుకుని ఏం చేసుకోను?

"చేలో వాళ్ళకు చెప్పవే. పెద్దమ్మకైనా చెప్పు," అన్నాడు మా ఆయన.

"చెప్తే ఏం చేస్తారు? ఇంటికొచ్చి చుట్టూ నిలబడి ఏడుస్తారు. నాకొద్దు," అన్నాను.

అసలు సంగతి అది కాదు. వాళ్ళకు చెబితే నిజమైపోతుందని భయం. వాళ్ళు నా వైపు జాలిగా చూసిన రోజున నేను ట్యూన్ కట్టే మనిషిని కాకుండా పోతాను. అందుకని ఆపరేషన్‌కి పోయేలోపు ఎట్లాగైనా ఆ ట్యూన్‌ని చేలో దించేసి పోవాలని, ఒక పొద్దున వాళ్ళ ఆటోలోనే చేలోకి పోయాను. చీర కొంగు మెడ చుట్టూ కప్పుకున్నాను. ఘాటుకు అందరూ కప్పుకుంటారు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

కాయ ఎర్రగా పండి ఉంది. నేను పెద్దమ్మ పక్క సాలు పట్టుకున్నాను. చేతులకు పని చెబితే భయం తగ్గుతుందనుకున్నాను గానీ తగ్గలేదు. కాయ తుంచిన ప్రతిసారీ గుటక పడుతోంది, గుటక పడ్డ ప్రతిసారీ గడ్డ కదులుతోంది.

"ఎత్తుకోవే. సాలు సగమైంది," అంది పెద్దమ్మ.

ఎత్తుకున్నాను. పల్లవి వచ్చింది. వాళ్ళు అందుకున్నారు. చరణం మొదటి రెండు లైన్లు కూడా బాగానే వచ్చాయి. సాలు వెంట కాయలు ఒడిలో పడుతున్న చప్పుడు కూడా పాటతో కలిసి నడిచింది. ఒక్క క్షణం ధైర్యం వచ్చింది. మూడో లైను ఎత్తుకున్నాను. 'రాయి' మీద గొంతు పైకి ఎక్కడం మొదలుపెట్టింది. సగం ఎక్కి, దారం తెగినట్టు ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. ఒక ఊపిరి సేపు అట్లా నిలబడి, చేతనైన చోట నాలుగో లైను అందుకుని పూర్తి చేశాను.

"ఘాటు," అన్నాను దగ్గి.

ఎవరో నీళ్ళ సీసా ఇచ్చారు. తాగి మళ్ళీ పాడాను. సరిగ్గా అక్కడే, అట్లాగే ఆగిపోయింది.

ఈసారి వాళ్ళు పాడారు. మా ఆడవాళ్ళ తీరు ఏమిటంటే, ట్యూన్‌ని తర్వాత ఎంత కత్తిరించినా, ముందు మాత్రం నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు పట్టుకుంటారు. దగ్గితే దగ్గు కూడా పట్టుకునేంత పని చేస్తారు. మూడో లైనులో పైకి ఎక్కి, 'రాయి' సగంలో ఆపేశారు. ఒంగిన నడుములు ఒంగినట్టే, కాయ మీద వేళ్ళు వేసినట్టే, సాలంతా ఒక ఊపిరి సేపు ఆగిపోయింది. తర్వాత నాలుగో లైను అందుకున్నారు. నా గొంతు చచ్చిన చోటును కొలత తీసినట్టు తీశారు.

"ఆడ ఆగాలా?" అని అడిగింది ఒకామె.

లేదని చెప్పాలి. చెబితే మరి ఎట్లా పోవాలో పాడి చూపించాలి. మూడోసారి కూడా ఆగిపోతే అది ఘాటు కాదని వాళ్ళకు తెలుస్తుంది. నాకూ తెలుస్తుంది.

"ఊఁ. అట్టాగే. బాగానే ఉంది," అన్నాను.

పెద్దమ్మ నడుము ఎత్తి నిలబడింది. కోత మధ్యలో ఆమె నిలబడడం అరుదు. ముఖానికి గుడ్డ కట్టుకుని ఉండడం వల్ల కళ్ళు మాత్రమే కనిపించాయి. ఆ కళ్ళతో నన్ను కాసేపు చూసింది. నేను తల వంచుకుని సాలు పూర్తి చేసి, కుట్టే పని ఉందని అబద్ధం చెప్పి, నడుచుకుంటూ ఇంటికొచ్చేశాను.

నరసరావుపేట డాక్టరు గారు గుంటూరు పెద్దాసుపత్రికి రాసిస్తే ఆపరేషన్ అక్కడ జరిగింది. పోయే ముందు రోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ ట్యూన్‌ని లోపలే పాడుకున్నాను. గొంతు విప్పలేదు. లోపల మాత్రం అది సరిగ్గా పైకి పోయింది. మత్తు ఇచ్చేటప్పుడు కూడా దాన్నే పట్టుకుని పడుకుందామనుకున్నాను గానీ ఆ బల్ల మీద లైటు చూడగానే అన్నీ మర్చిపోయి మా అమ్మను తలుచుకున్నాను.

మెలకువ వచ్చాక నర్సు పేరు అడిగింది. చెప్పాను. గాలి వచ్చింది, పేరు రాలేదు. ఆమె మళ్ళీ అడిగింది. మళ్ళీ గాలే. మా ఆయన ముఖం చూసి నాకు అర్థమైంది. తర్వాత అక్కడి డాక్టరు గారు వచ్చి, నరం తెగలేదు, వాచి ఉంటుంది, గొంతు రావచ్చు, కొన్ని నెలలు పట్టవచ్చు, పూర్తిగా వస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేం అన్నారు. ఆయన చెప్పినదాంట్లో నాకు చివరి మాట ఒక్కటే వినిపించింది.

ఇంటికొచ్చాక నోరు కట్టేసుకున్నట్టు బతికాను. బట్టలు తెచ్చినవాళ్ళకు తల ఊపి, చేత్తో చూపించేదాన్ని. చూడడానికి ముఠా అంతా వచ్చారు. నేను భయపడినట్టు ఎవరూ ఏడవలేదు. కాయ ఎంత ఎర్రగా ఉందో, ఆటోవాడు ఎంత ఆలస్యం చేస్తున్నాడో చెప్పుకుంటూ కూర్చున్నారు. ఈస్టర్ పాట మాట ఎవరూ ఎత్తలేదు. పెద్దమ్మ లేచేటప్పుడు నా మెడకున్న కట్టు వైపు చూసి, చెయ్యి ముందుకు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"కారం చేతులు," అంది.

పాటను వదిలేశారనుకున్నాను. లేకపోతే ఆ ఖాళీలో తమకు తోచిన స్వరం ఏదో పూడ్చి ఉంటారు. అది వాళ్ళకు అలవాటే కదా. మిషను ముందు కూర్చుంటే కాలు ఆడేది కాదు. లోపల ఉన్న ఆ పైస్వరం కూడా రోజురోజుకూ మసకబారుతున్నట్టు అనిపించేది. ఒక రోజు అది ఎక్కడుండేదో కూడా మర్చిపోతానేమో. అప్పుడిక ఆ ట్యూన్ ఉండేదని చెప్పడానికి కూడా సాక్ష్యం ఉండదు.

ఈస్టర్ నాడు మేం తెల్లవారుజామునే సమాధుల దొడ్డికి పోతాం. అది ఊరి ఎగువన, పత్తికట్టె పీకేసిన చేల పక్కన ఉంటుంది. పోవాలని లేదు నాకు. మా ఆయన తలుపు దగ్గర నిలబడి కదలకపోతే పోయాను. అప్పటికే అందరూ కొవ్వొత్తులు పట్టుకుని చేరారు. మా నాన్న సమాధి పక్కన, అందరికీ వెనగ్గా, స్కార్ఫు మెడకు చుట్టుకుని నిలబడ్డాను. అయ్యగారు ప్రార్థన చేశారు. డోలక్ మోగింది. పెద్దమ్మ ఎత్తుకుంది.

నా పాటే. పల్లవి, మొదటి లైను, రెండో లైను. ఎక్కడా కత్తిరించలేదు. నేను పెట్టిన ఒంపులన్నీ ఉన్నాయి. ఎప్పుడూ అట్లా జరగలేదు. మూడో లైను ఎక్కుతుంటే ఏం పూడ్చారో విందామని చెవులు రిక్కించాను.

'రాయి' సగంలో అందరూ ఆగిపోయారు. ముఠా ఒక్కటే కాదు, ముసలివాళ్ళు, పిల్లలు, డోలక్ మీద చెయ్యి, అన్నీ ఆగిపోయాయి. దూరంగా రోడ్డు మీద ట్రాక్టరు పోతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఒక్కసారిగా నాలుగో లైను అందుకున్నారు. నేను మా నాన్న సమాధి పట్టుకున్నాను. ఊరంతా చేరి నా జబ్బును పాడుతున్నట్టు అనిపించింది. చరణం చరణానికీ అదే. ప్రతిసారీ ఆ చోటు రాబోతోందని తెలుసు, ప్రతిసారీ భయమే. అక్కణ్ణుంచి పారిపోదామనుకున్నాను గానీ ఎటు పోవాలన్నా అందరి మధ్యలోంచే పోవాలి.

ఆరాధన అయ్యాక టీ పోస్తున్నారు. పెద్దమ్మ గ్లాసు పట్టుకుని నా దగ్గరకొచ్చింది. ముఠా ఆమె వెనకే వచ్చింది.

"ఏందే, సరిగ్గా పాడామా?" అంది.

అడ్డంగా తల ఊపాను.

"తెలుసులే. పైకెక్కి ఆడ కూలబడే ట్యూన్ నువ్వు కట్టవు. ఆ రోజే తెలుసు నాకు."

"మరి?" అన్నాను. గాలే వచ్చింది. ఆమెకు అర్థమైంది.

"ఇన్నేళ్ళుగా మేం ఏం పాడినా నువ్వు తగాదా పెట్టుకోకుండా ఉండలా. ఆ రోజు బాగానే ఉందని తలొంచుకుని పోయావు. నాకు ఆడనే కాళ్ళు చల్లబడినాయి. సాయంత్రం మీ ఆయన్ని నిలేస్తే చెప్పాడు." గ్లాసు సమాధి గట్టు మీద పెట్టింది. "ఆడ ఏదో ఒకటి కలుపుదామని వీళ్ళన్నారు. అయ్యగారూ అన్నారు. నేనే ముట్టుకోబాకండి అన్నా. అది కట్టినదాని తప్పు. అదే వచ్చి సరిచేసిద్ది. ఆ పని కోసమైనా వచ్చిద్ది అన్నా."

నాకు ఏడుపొచ్చింది. కత్తిరించడం తప్ప ఏమీ తెలియదని నేను తిట్టుకునే ఆడవాళ్ళు, ఒక్క దారప్పోగు కూడా తీయకుండా ఆ పాటను ఇన్ని రోజులూ మోశారు. మిరప సాళ్ళలో ఆగారు, ఆటోలో ఆగారు, గుడిలో ఆగారు. నా కోసం ఆగారు.

"ఇప్పుడు చెప్పు, ఆడ ఎట్టా పోవాల?" అంది పెద్దమ్మ.

ఆపరేషన్ బల్ల మీద కూడా నాకు అంత భయం వేయలేదు. వాళ్ళంతా టీ గ్లాసులు పట్టుకుని నా నోటి వైపు చూస్తున్నారు. గొంతు రాకపోతే ఇక దాచుకునే వీలు లేదు. మూడో లైను ఎత్తుకున్నాను. ముతక గుడ్డ చించినట్టు ఏదో వచ్చింది. 'రాయి' దగ్గర పైకి నెట్టాను. మెడ లోపల కుట్టు లాగింది. ఏదో ఒక స్వరం పలికింది, కింద, చాలా కింద. అది నా ట్యూన్ కాదు.

వాళ్ళు మాత్రం ఠక్కున అందుకున్నారు. ఆ కింది స్వరంతోనే చరణం పాడేశారు. అందరి ముఖాలూ వెలిగిపోయాయి.

"ఇదా. ఇది బాగుంది. ఒంగి కూడా పాడొచ్చు," అంది ఒకామె.

"అది కాదు," అన్నాను.

"ఏంది?"

"అది కాదు. ఇంకా పైన."

"ఇదే బాగుందిలేవే."

"బాగుంటే మీకు బాగుండిద్ది. నా ట్యూన్ అది కాదు. ఎన్నిసార్లు చెప్పాల మీకు? ఉన్నదాన్ని ఉన్నట్టు పాడేదానికి ఏం రోగం?"

మాటలు సగం గాలి, సగం ఉమ్ము. మెడ మండింది. చెయ్యి ఎత్తి ఆమె ముఖం మీదకు ఊపుతున్నానని ఆలస్యంగా తెలిసింది. చాలా రోజుల తర్వాత నాకు కోపం వచ్చింది. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ముందు తెలియలేదు.

"ఇప్పుడొచ్చావు," అంది.

తర్వాత ముఠా వైపు తిరిగి, "అది కాదంట. ఖాళీగానే ఉంచండి," అని చెప్పి, చల్లారిపోయిన టీ తాగేసింది.

నా గొంతు కొంత వచ్చింది. మాట్లాడితే వినపడుతుంది, అరిస్తే పగులుతుంది. పైస్వరం ఇంకా రాలేదు. వస్తుందని ఎవరూ చెప్పలేదు, రాదనీ చెప్పలేదు. మళ్ళీ కోతలు మొదలయ్యాయి. ఇప్పుడు కూడా ఆ పాట గుడిలో పాడితే మూడో లైను సగంలో అందరూ ఆగి, తల తిప్పి నా వైపు చూస్తారు. ప్రతిసారీ నాకు భయం వేస్తుంది. నోరు మాత్రం తెరుస్తాను.